పరీక్ష అట్ట పట్టుకున్న అమ్మాయి

అమెరికాలోని చాపెల్ హిల్‌లో సాకర్, అంటే మన ఫుట్‌బాల్, అనగానే నాకు ముందు గుర్తొచ్చేది బంతి కాదు, పరీక్ష అట్ట.

1992 సెప్టెంబరు. నార్త్ కరోలినా యూనివర్సిటీలో బయోస్టాటిస్టిక్స్ చదవడానికి వచ్చి నెల దాటిందేమో. క్యాంపస్‌లో దారులు ఇంకా అలవాటు కాలేదు. ఒకరోజు సాయంత్రం ఎటో తిరిగి ఒక మైదానం పక్కన తేలాను. లోపల పాతికమంది అమ్మాయిలు. ఇద్దరిద్దరికి ఒక బంతి. ఒకళ్ల దగ్గర్నుంచి ఇంకొకళ్లు లాక్కోవాలి, దాటించుకుపోవాలి. భుజాలతో గుద్దుకుంటున్నారు, పడుతున్నారు, లేస్తున్నారు. గీత బయట మాత్రం ఒక అమ్మాయి, మనం చిన్నప్పుడు పరీక్షలకి తీసుకెళ్లే అట్టలాంటిది చేత్తో పట్టుకుని గబగబా గీతలు పెడుతోంది. నాలుగు నిలువు గీతలు, వాటి మీద అడ్డంగా ఒకటి. మళ్లీ నాలుగు, మళ్లీ అడ్డం.

స్టాటిస్టిక్స్ చదువుకున్న దాన్ని, అలా గీతలు పెట్టేవాళ్లని చూస్తే ఆగకుండా ఉండలేను. ఏం రాస్తున్నావని అడిగాను. ప్రతి జంటలో ఎవరు గెలిచారో, ఎవరు ఓడారో రాస్తున్నానంది. ఇది మ్యాచ్ కాదు కదా, ప్రాక్టీసే కదా అన్నాను. "ఇక్కడ జరిగే ప్రతిదీ రాస్తాం. తర్వాత వరసగా ర్యాంకులు వేసి అంటిస్తాం. ఎవరు ఎక్కడున్నారో అందరూ చూసుకుంటారు" అంది. పరుగు, హెడ్డింగు, గోల్‌కి కొట్టడం, ఒకరికొకరుగా తలపడటం, అన్నిటికీ వేరువేరు లెక్కలట.

ఆ రాత్రి గదికి వెళ్లాక నిద్ర పట్టలేదు. ఎందుకు పట్టలేదో చెప్పాలంటే పదేళ్లు వెనక్కి, పిఠాపురం దగ్గర మా ఊరికి వెళ్లాలి.

మా స్కూల్లో డ్రిల్లు పీరియడు అంటే మగపిల్లలకి వాలీబాల్, ఆడపిల్లలకి వేపచెట్టు నీడ. కొందరు కుట్లు తెచ్చుకునేవారు, కొందరు హోంవర్కు చేసుకునేవారు. మా నలుగురికి మాత్రం ఒక టెన్నికాయిట్ రింగు దొరికింది. అది ఎవరిదో, ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. రబ్బరు ఒకచోట పగిలి దారం కట్టి ఉండేది. నెట్ లేదు. రెండు సర్వి బాదులకి పాత చీర కట్టి ఆడేవాళ్లం. సెలవుల్లో మా డాబా మీద ఒక్కదాన్నే గోడకి కొట్టి, వెనక్కి వచ్చిన రింగుని ఎడంచేత్తో పట్టుకోవడం నేర్చుకున్నాను. 1982లో, నేను తొమ్మిదో తరగతిలో ఉండగా జోనల్ పోటీలకి వెళ్లి సింగిల్స్ గెలిచాను. బస్సులో వస్తూ సీటు మీద నిలబడి పాటలు పాడాం.

వార్షికోత్సవం ముందు ఆటల రిజిస్టర్ స్టాఫ్‌రూమ్ నుంచి హెడ్మాస్టరు గదికి మోసుకెళ్లే పని నాకు పడింది. వరండాలో ఆగి తెరిచి చూశాను. మగపిల్లల కబడ్డీ, వాలీబాల్, పరుగుపందెం, ప్రతి దానికి పేర్లు, పాయింట్లు, ఎవరి మీద ఎంత తేడాతో గెలిచారో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది. పేజీ చివర ఒక్క వాక్యం: "బాలికల పోటీలు కూడా జరిగినవి."

నాకు ఏడుపు రాలేదు. రిజిస్టర్ మూసి, ఇవ్వాల్సిన చోట ఇచ్చేసి వచ్చాను. కానీ ఆ "కూడా" అన్న మాట మాత్రం ఇన్నేళ్లూ నాతోనే ఉంది.

పదేళ్ల తర్వాత, నా ఇరవై నాలుగో ఏట, దేశంకాని దేశంలో ఒక అమ్మాయి మామూలు ప్రాక్టీసులో ఎన్నిసార్లు గెలిచిందో, ఎన్నిసార్లు ఓడిందో కూర్చుని రాస్తున్నారంటే నిద్ర ఎలా పడుతుంది?

ఆ గీతలు పెట్టించిన మనిషి పేరు ఆన్సన్ డోరన్స్. ఆయన గురించి అప్పటినుంచీ దొరికిందల్లా చదువుతూ వచ్చాను. 1951లో ఆయన పుట్టింది మన బొంబాయిలోనే! వాళ్ల నాన్నగారిది చమురు వ్యాపారంలో ఉద్యోగం, అందుకని కెన్యా, ఇథియోపియా, సింగపూర్, బెల్జియం, స్విట్జర్లాండ్ తిరుగుతూ పెరిగారు. అమెరికా పిల్లలు బేస్‌బాల్ ఆడుకునే వయసులో ఈయనకి ఫుట్‌బాల్ అబ్బడానికి అదే కారణమై ఉంటుంది. చాపెల్ హిల్‌లో చదువుతూ యూనివర్సిటీ టీముకి ఆడారు, ఇంగ్లీషు, ఫిలాసఫీ చదివారు, తర్వాత అక్కడే లా కాలేజీలో చేరారు. 1977లో, పాతికేళ్లు దాటిన కుర్రాడిగా ఉన్నప్పుడే, మగపిల్లల టీము బాధ్యత ఆయన చేతికి వచ్చింది. లా డిగ్రీ పూర్తి చేయనే లేదు.

అమ్మాయిల టీము ఆయన అడిగి తెచ్చుకున్నది కాదు. క్యాంపస్‌లో క్లబ్బుగా ఆడుకుంటున్న అమ్మాయిలు మమ్మల్ని కూడా యూనివర్సిటీ టీముగా గుర్తించండని అధికారుల్ని అడిగారు. అప్పటి క్రీడల డైరెక్టర్ వెళ్లి వాళ్ల ఆట చూసి చెప్పమని డోరన్స్‌ని పంపారు. ఆయన చూశారు, ఆ టీముని కూడా ఆయన్నే నడపమన్నారు. అలా 1979లో మొదలైంది. నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే. అడిగింది ఆ అమ్మాయిలు. వాళ్ల పేర్లు నాకు తెలియవు, కానీ వాళ్లు వెళ్లి అడగకపోతే ఆయన మగపిల్లల టీముకే కోచ్‌గా మిగిలిపోయేవారేమో. మేం నలుగురం ఎవర్నీ ఏమీ అడగలేదు. అడగొచ్చని కూడా మాకు తెలియదు.

మొదట్లో ఆడటానికి సరైన కాలేజీ టీములే లేవు, దొరికిన క్లబ్బులతో ఆడేవారు. 1981లో అప్పటి మహిళా క్రీడా సంఘం పెట్టిన జాతీయ టైటిల్ గెలిచారు. 1982లో అమెరికా కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ మొదటిసారి మహిళల సాకర్ టోర్నీ పెట్టింది, పన్నెండు టీములతో. అదీ గెలిచారు. మా రిజిస్టర్లో ఆ ఒక్క వాక్యం రాసిన సంవత్సరమే అది.

అలా నాలుగు దశాబ్దాల్లో ఆయన చేతిమీదుగా మొత్తం ఇరవై రెండు జాతీయ టైటిళ్లు, 1981 నాటిది ఒకటి, ఎన్‌సీఏఏవి ఇరవై ఒకటి. 1986 నుంచి 1994 వరకు వరసగా తొమ్మిది. ఇంతమందిని ఇన్నేళ్లు గెలిపించిన కోచ్ కాలేజీ ఆటల్లో ఇంకెవరున్నారో నాకైతే తట్టడం లేదు. నేను చదువుకున్న రెండు సీజన్లలో, 1992లోనూ 1993లోనూ, ఆ టీము ఒక్క మ్యాచ్ ఓడలేదు సరికదా, డ్రా కూడా చేసుకోలేదు.

చాపెల్ హిల్‌లో ఎవర్నడిగినా బాస్కెట్‌బాల్ గురించే చెప్పేవారు. 1993 ఏప్రిల్‌లో మగపిల్లల బాస్కెట్‌బాల్ టీము జాతీయ టైటిల్ గెలిచిన రాత్రి ఫ్రాంక్లిన్ స్ట్రీట్ మీద జనం చూస్తే మన తిరనాళ్లు గుర్తొచ్చాయి. ఆ టీము కోచ్ డీన్ స్మిత్ అంటే ఊళ్లో దేవుడితో సమానం. ప్రాక్టీసులో ప్రతిదీ లెక్క రాయించే పద్ధతి డోరన్స్ ఆయన దగ్గరే చూసి నేర్చుకున్నారు. అబ్బాయిల బాస్కెట్‌బాల్‌కి పనికొచ్చిన పద్ధతి అమ్మాయిల సాకర్‌కి ఎందుకు పనికిరాదు అనుకున్నారు. ఇప్పుడు వింటే ఇందులో ఏముంది అనిపిస్తుంది. ఆ రోజుల్లో ఆడపిల్లలు ఒకరితో ఒకరు పోటీ పడితే స్నేహాలు చెడతాయి, మెత్తగా ఉండాలి అనే మాట అమెరికాలో కూడా గట్టిగానే ఉండేదట. అదే డీన్ స్మిత్ ఒకసారి, ఇది మహిళల సాకర్ స్కూలు, మేం వాళ్లని అందుకోవడానికి ప్రయత్నిస్తున్నాం అన్నారని ఆ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

1988 దాకా రెండు టీములనీ ఒకేసారి నడపడం వల్ల ఆయనకి ఒక సంగతి అర్థమైందట. మగపిల్లల్ని కూర్చోబెట్టి "మీరు సరిగా పరిగెత్తడం లేదు" అంటే ప్రతివాడూ ఇది నా గురించి కాదు, పక్కవాడి గురించి అనుకుంటాడు. అదే మాట అమ్మాయిలతో అంటే ప్రతి ఒక్కతీ ఇది నా గురించే అనుకుంటుంది. ఇది చదివినప్పుడు నేను పుస్తకం పక్కన పెట్టి చాలాసేపు కూర్చున్నాను. మా ఇంట్లో, మా హాస్టల్లో, మా ఆఫీసులో, ఎక్కడ చూసినా ఇదే. అందుకే ఆయన అమ్మాయిల మీద అరవడం తగ్గించి, ఆ కాగితాన్ని మాట్లాడనిచ్చారు. గోడ మీద అంకె ఉంటే తిట్టక్కర్లేదు. ఎవరు ఎక్కడ వెనకబడ్డారో వాళ్లకే కనపడుతుంది.

1991లో చైనాలో మహిళలకి మొదటి ప్రపంచకప్ జరిగింది. అమెరికా జట్టుకి కూడా అప్పుడు ఆయనే కోచ్. గ్వాంగ్‌జౌలో ఫైనల్, నార్వే మీద 2-1, రెండు గోల్సూ మిషెల్ ఏకర్స్ కొట్టింది. ఆ జట్టులో మియా హామ్ అనే పందొమ్మిదేళ్ల అమ్మాయి ఉంది, మా యూనివర్సిటీ పిల్లే. ఆ ప్రపంచకప్‌లో మ్యాచ్ తొంభై నిమిషాలు కాదు, ఎనభై నిమిషాలే పెట్టారు. మగవాళ్లకి తొంభై, ఆడవాళ్లకి ఎనభై. ఆ పది నిమిషాలు ఎవరు తగ్గించారో గానీ, మా రిజిస్టర్ రాసిన చేయీ ఆ చేయీ ఒకటే అనిపిస్తుంది నాకు.

మియా హామ్ గురించి ఒక కథ చాలామంది విన్నదే. డోరన్స్ ఒకరోజు పొద్దున్నే కారులో వెళ్తుంటే పార్కులో ఒక్కర్తే పరుగు సాధన చేస్తూ కనిపించిందట. ఆయన ఆగలేదు, పలకరించలేదు. తర్వాత ఒక చీటీ రాసి పంపారు. ఎవరూ చూడని చోట, చెమటతో తడిసి, ఒంట్లో ఓపిక అయిపోయి వంగిపోయిన మనిషే తన దృష్టిలో ఛాంపియన్ అని దాని సారాంశం. అది చదివినప్పుడల్లా మా డాబా, ఆ రింగు గోడకి తగిలే చప్పుడు గుర్తొస్తాయి. అమ్మ కింద నుంచి "ఎండలో ఆ గెంతులేంటే" అని అరిచేది. పాపం అమ్మ తప్పేం లేదు, ఆవిడకి ఎవరు చెప్పారు?

మా యూనివర్సిటీ మైదానం ఫెట్జర్ ఫీల్డ్‌లో నేను చూసిన మొదటి ఫైనల్ 1992 నవంబరులోది. పక్క ఊరి డ్యూక్ మీద 9-1. అది ఆట కాదు, ఊచకోత. పూర్తిగా ఆనందించలేకపోయాను కూడా. నా మనసులో నిలిచింది మరుసటి ఏడాదిది. 1993 నవంబరు, అదే మైదానం, జార్జ్ మేసన్ యూనివర్సిటీతో. మియా హామ్ కాలేజీ చదువులో ఆఖరి మ్యాచ్. కార్‌బరోలో మా అపార్ట్‌మెంటు నుంచి ఇద్దరు తెలుగు స్నేహితురాళ్లని బతిమాలి తీసుకెళ్లాను. ఒకామెది వరంగల్, ఇంకొకామెది నెల్లూరు, ఇద్దరికీ సాకర్ అంటే ఏమిటో తెలియదు. డబ్బాలో పులిహోర పట్టుకెళ్లాం. ఐదు వేలకి పైగా జనం వచ్చారు. అమ్మాయిల ఆట చూడటానికి, డబ్బులిచ్చి టికెట్ కొనుక్కుని, చలిలో ఐదు వేల మంది! వరంగల్ అమ్మాయి చుట్టూ చూసి, "వీళ్లందరూ ఆడపిల్లల కోసమే వచ్చిండ్రా?" అని నన్ను రెండుసార్లు అడిగింది. ఆరు గోల్సు పడ్డాయి, అవతలివాళ్లకి ఒక్కటీ లేదు. పంతొమ్మిదో నంబరు చొక్కాతో మియా హామ్ బయటికి వస్తుంటే జనం అంతా లేచి నిలబడ్డారు. మేమూ లేచాం. నెల్లూరు అమ్మాయి ఏడుస్తోంది, ఎందుకని అడిగితే తెలియదంది.

ఫైనల్‌కి ముందు డోరన్స్ చదువు ముగిస్తున్న అమ్మాయిలకి ఒక్కొక్కరికీ ఉత్తరం రాసేవారని నాకు తర్వాత తెలిసింది. అందులో ఆట గురించి కాకుండా ఆ పిల్ల ఎలాంటి మనిషో, టీముకి ఏమిచ్చిందో రాసేవారట. అవి టీము ముందు చదివి, రేపు ఈ పిల్లల కోసం ఆడండి అనేవారట. ఒకపక్క కనికరం లేని అంకెలు, ఇంకోపక్క ఈ ఉత్తరాలు. ఒకటి లేకుండా రెండోది నిలవదని నా నమ్మకం. ఉత్త అంకెలైతే పిల్లలు విరిగిపోతారు. ఉత్త ఉత్తరాలైతే నాలుగు మంచి మాటలుగా మిగిలిపోతాయి.

చదువయ్యాక రీసెర్చ్ ట్రయాంగిల్‌లోనే ఉద్యోగం దొరికింది, పెళ్లయింది, దగ్గర్లోని కేరీ అనే ఊళ్లో ఇల్లు కొనుక్కున్నాం. 1995 డిసెంబరులో వరసగా పదో టైటిల్ కోసం సొంత మైదానంలోనే సెమీఫైనల్ ఆడారు. నోట్రడామ్ చేతిలో 1-0తో ఓడిపోయారు. ఆ రోజు మైదానం నుంచి కారు దాకా నడుస్తూ మా ఆయనా నేనూ ఒక్క మాట మాట్లాడుకోలేదు.

దాచి రాయడం నాకు చేతకాదు కాబట్టి ఇది కూడా చెప్పాలి. 1998లో ఆయన దగ్గర ఆడిన ఇద్దరు అమ్మాయిలు ఆయన మీద, యూనివర్సిటీ మీద లైంగిక వేధింపుల కేసు వేశారు. అమ్మాయిల సొంత విషయాల గురించి ఆయన అసభ్యంగా మాట్లాడారన్నది అందులో ముఖ్యమైన ఆరోపణ. వేధించలేదని ఆయన వాదించారు. ఏళ్ల తరబడి నడిచి, 2008లో చివరి కేసు రాజీతో ముగిసింది. అలాంటి మాటల్లో పాల్గొనడం తగని పని అని ఆయన రాతపూర్వకంగా క్షమాపణ చెప్పారు. మా అమ్మాయి పుట్టింది ఆ 1998లోనే. దానికి పన్నెండేళ్లు వచ్చి ఆయన వేసవి శిబిరానికి వెళ్తానంటే ఇంట్లో వారం రోజులు చర్చ. నా మనసులో ఆయన కూర్చున్న పీట కొంచెం పక్కకి జరిగింది, అది మళ్లీ మొదటి చోటికి రాలేదు. ఆయన చేసిన మేలు ఆ అమ్మాయిల బాధని చెరపదు. ఆ బాధని చూసి ఆ మేలు అబద్ధమనీ అనలేను. చివరికి పిల్లని కూర్చోబెట్టి, ఎవరైనా సరే, ఎంత పెద్ద కోచ్ అయినా సరే, నీకు ఇబ్బందిగా ఉన్న మాట అంటే వెంటనే ఫోన్ చెయ్యి అని చెప్పి పంపించాం. పిల్ల ఐదు రోజులు ఎండలో పరిగెత్తి, మోకాళ్లు దోక్కుని, కళ్లు మెరుస్తూ తిరిగొచ్చింది.

2017లో ఫెట్జర్ ఫీల్డ్‌ని పడగొట్టి కొత్తది కట్టడం మొదలుపెట్టారు. ఆ రోజుల్లో టీము మా కేరీలోని వేక్‌మెడ్ సాకర్ పార్కులో ఆడేది, మా ఇంటికి పదిహేను నిమిషాలు. కొత్త మైదానానికి ఆయన పేరే పెట్టారు, డోరన్స్ ఫీల్డ్. కానీ టైటిళ్లు ఆగిపోయాయి. 2012 తర్వాత ఆయనకి ఒక్కటీ రాలేదు. 1982లో పన్నెండు టీములున్న టోర్నీలో ఇప్పుడు అరవై నాలుగు. అన్ని చోట్లా మంచి కోచ్‌లు, మంచి మైదానాలు, స్కాలర్‌షిప్పులు. మిగతావాళ్లు ఈయన్ని చూసి నేర్చుకుని ఈయన్నే పట్టుకున్నారు. నాకది బాధగా అనిపించలేదు, ఇంతమంది ఆడపిల్లలు ఆడుతున్నారంటే ఇంకేం కావాలి?

కానీ 2022 డిసెంబరు ఐదో తారీఖు మాత్రం బాధపెట్టింది. ఫైనల్, మళ్లీ కేరీలోనే, లాస్ ఏంజిలెస్ యూనివర్సిటీ యూసీఎల్ఏతో. అమ్మాయీ నేనూ వెళ్లాం. 2-0తో ముందున్నారు. ఎనభయ్యో నిమిషంలో అవతలివాళ్లు ఒకటి కొట్టారు. సరే, ఇంకా ఒకటి ఉంది కదా అనుకున్నాం. బోర్డు మీద గడియారం వెనక్కి నడుస్తోంది. ముప్పై సెకన్లు. మా అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. సరిగ్గా పదహారు సెకన్లు మిగిలి ఉండగా కార్నర్ నుంచి వచ్చిన బంతిని తలతో కొట్టారు, లోపలికి వెళ్లిపోయింది. 2-2. అదనపు సమయంలో మూడోది కూడా పడింది. ఆయనకి అప్పటికి డెబ్బై ఒక్క ఏళ్లు. జనం కదిలిపోతున్నా మేమిద్దరం కాసేపు అలాగే కూర్చున్నాం. ఆయన ఎటువైపు వెళ్లారో చూద్దామనుకున్నాను, మనుషులు అడ్డొచ్చి కనపడలేదు. అదే ఆయన ఆఖరి ఫైనల్ అవుతుందని ఆ రాత్రి ఎవరికీ తెలియదు.

2024 ఆగస్టులో, సీజన్ మొదలవడానికి నాలుగు రోజుల ముందు, రిటైర్ అవుతున్నానని ప్రకటించారు. అమ్మాయి నాకు వాట్సాప్‌లో ఆ వార్త పంపి కింద ఏమీ రాయలేదు. నేను కూడా ఏమీ రాయలేదు. ఆయన సహాయకుడు డేమన్ నాహస్ టీముని తీసుకున్నారు. అదే డిసెంబరులో, అదే కేరీలో, వేక్ ఫారెస్ట్ మీద 1-0తో గెలిచి ఎన్‌సీఏఏ ఇరవై రెండో టైటిల్ తెచ్చారు. పెట్టి వెళ్లిన పునాది మీద కట్టారు అంటే ఎవరికీ తక్కువ చేసినట్టు కాదు.

మా అమ్మాయి ఇప్పుడు శనివారాలు మోరిస్‌విల్‌లో పదేళ్లలోపు ఆడపిల్లలకి సాకర్ నేర్పిస్తోంది. పిల్లల్లో సగం మంది మన తెలుగువాళ్లే. నాన్నలు కాఫీ కప్పులతో కుర్చీల్లో కూర్చుంటారు, అమ్మమ్మలు స్వెట్టర్లు వేసుకుని గీత పక్కనే నడుస్తుంటారు. లెక్క రాసే పని నాది. వాల్‌మార్ట్‌లో కొన్న అట్ట, రెండు పెన్సిళ్లు. ఇద్దరిద్దరికి ఒక బంతి ఇస్తుంది, నేను గీతలు పెడతాను. నాలుగు నిలువు, ఒకటి అడ్డం.

పోయిన శనివారం ఒక చిన్నపిల్ల, ముందు పళ్లు రెండూ లేవు, నీళ్లు తాగడానికి వచ్చి నా అట్ట మీదికి వంగి చూసింది.

"ఆంటీ, నాకెన్ని?"

"ఏడు గెలిచావు, నాలుగు ఓడావు."

కాసేపు వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. తర్వాత తన పేరు మీద వేలు పెట్టి, "ఇది తప్పు ఆంటీ, చివర హెచ్ ఉంటుంది" అంది. నేను రబ్బరుతో చెరిపి, తను చూస్తుండగానే మళ్లీ రాశాను. హెచ్ రాసేదాకా అక్కడే నిలబడి, మైదానంలోకి పరిగెత్తింది.